సిటీలో ఉద్యోగం, ఊళ్ళో పొలం: రెండూ చెడకుండా చూస్కోవడం ఎలా

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఇంకా దూరంగా డాలస్‌లోనో ఉంటూ ఊళ్ళో ఎకరమో మూడెకరాలో నాన్న పేరు మీద, తాత పేరు మీద ఉన్నవాళ్ళ కోసం రాస్తున్నా ఇది. మాది బాపట్ల వైపు మాగాణి, మా ఆవిడ వాళ్ళది సూర్యాపేట దగ్గర మెట్ట, అందుకని రెండు రాష్ట్రాల తిప్పలూ కాస్త తెలుసు. దూరంగా ఉన్నోళ్ళ పొలం ఎవడో రౌడీ వచ్చి కబ్జా చేస్తే పోతుందని భయపడతాం గానీ, నేను చూసినంతవరకు ఎక్కువగా పోయేది మెల్లగా, ఏడాదికి ఒక సాలు చొప్పున గట్టు జరిగి, కాగితం ముప్పై ఏళ్ళుగా చనిపోయినాయన పేరు మీదే ఉండిపోయి, మనం ఎవరో ఊళ్ళో కుర్రాళ్ళకి తెలియకుండా పోయి. కాబట్టి ఆఫీసు రికార్డులో పేరు ఉండాలి, ఊళ్ళో మొహం గుర్తుండాలి, ఈ రెండిట్లో ఏది వదిలేసినా రెండోది ఎక్కువ కాలం కాపాడదు.

ముందు కాగితం సంగతి

ఈ రోజు రాత్రికే కూర్చుని చేయగలిగింది ఇదొక్కటే కాబట్టి దీంతో మొదలెట్టండి. ఆంధ్రాలో అయితే మీభూమి సైట్‌లో అడంగల్ (ఏ చేనులో ఎవరు ఏ పంట వేశారో చెప్పేది), 1బి (భూమి ఎవరి పేరు మీదుందో చెప్పేది) రెండూ తీసి పెట్టుకోండి. తెలంగాణలో అయితే భూభారతి పోర్టల్, 2020 అక్టోబర్ 29న మొదలైన ధరణి ప్లేస్‌లో 2025 ఏప్రిల్ 14న వచ్చింది ఇది. పేరు, తండ్రి పేరు, సర్వే నంబర్, విస్తీర్ణం ఈ నాలుగూ మీ దగ్గరున్న పాత దస్తావేజుతో పక్కపక్కన పెట్టి చూడండి, ఇంటిపేరులో ఒక అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే సరిచేయించండి, అమ్మే రోజున చూద్దాంలే అనుకుంటే ఆ రోజు కొనేవాడు అదే పట్టుకుని రేటు తగ్గిస్తాడు.

విస్తీర్ణం దగ్గర ఒక తమాషా ఉంది. ఆంధ్రాలో ఎకరానికి 100 సెంట్లు, తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. మా ఆవిడ వాళ్ళ పాసుపుస్తకంలో 2.20 అని ఉంటే అది రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. అదే 2.20 మా వైపు రాస్తే రెండెకరాల ఇరవై సెంట్లు. పెళ్ళి సంబంధాల్లో, అన్నదమ్ముల పంపకాల్లో దీని మీద గొడవలు పడ్డవాళ్ళున్నారు. గజాల్లో కావాలంటే గుంట 121 గజాలు, సెంటు 48.4 గజాలు, ఎకరం ఎక్కడైనా 4,840 గజాలే.

దీంతోపాటు ఈసీ తీయండి, అంటే ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల లిస్టు, ఏడాదికోసారి తీయడం అలవాటు చేసుకోండి, మీకు తెలియని లావాదేవీ ఏదైనా మీ సర్వే నంబర్ మీద ఎక్కితే అందులో కనపడుతుంది. 22ఏ జాబితా కూడా చూడండి, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల లిస్టు. ఒక సర్వే నంబర్‌లో ఎక్కడో మూల అర ఎకరం దేవుడి మాన్యమో అసైన్డో (గవర్నమెంట్ పేదలకిచ్చిన భూమి) ఉంటే మొత్తం నంబర్ అందులోకి పోయిన కేసులు బోలెడు, పట్టా భూమి ఉన్నోడికి ఆ సంగతే తెలీదు, కూతురి పెళ్ళికి అమ్ముదామని వెళ్తే తెలుస్తుంది.

నాన్న పోయాక పేరు మార్చకుండా వదిలేసిన వాళ్ళు చాలామంది ఉంటారు, మా ఇంట్లోనే ఉన్నారు, పేర్లెందుకు. డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుని వారసులంతా కలిసి పంపకం రాసుకుని మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు, చేయించండి. తెలంగాణలో వ్యవసాయ భూమికి తహసీల్దారే రిజిస్ట్రేషన్ కూడా చేస్తారు, స్లాట్ బుక్ చేసుకుని వెళ్ళాలి. ఆంధ్రాలో పంపకాల దస్తావేజు సబ్ రిజిస్ట్రార్ దగ్గర, ఆ తర్వాత రికార్డులో పేరు ఎక్కడం రెవెన్యూ వాళ్ళ దగ్గర. అక్కచెల్లెళ్ళని పిలవకుండా అన్నదమ్ములే సర్దుకుందాం అనుకునేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి, పిత్రార్జితంలో ఆడపిల్లకి సమాన వాటా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే ఉంది, దేశమంతటికీ 2005లో వచ్చింది. వద్దనుకుంటే వాళ్ళే వచ్చి సంతకం పెట్టి వదులుకోవాలి, మనం వాళ్ళ తరఫున వదిలేయడం కుదరదు.

హద్దులు, ఎండాకాలం

పొలం మీద పైరు ఉన్నప్పుడు ఎవరూ కొలవరు, కొలిచినా లాభం లేదు. అందుకే ఏప్రిల్, మే నెలల్లో ఒక వీకెండ్ దీనికే పెట్టుకోండి, సంక్రాంతికి వెళ్ళి కోడిపందేలు చూసుకుని కారులోంచే పొలం చూసి వచ్చేయడం లెక్కలోకి రాదు. కోతలైపోయి నేల ఎండి ఉంటే గట్లు క్లియర్‌గా కనపడతాయి, హద్దురాళ్ళు ఉన్నాయా పీకేశారా తెలుస్తుంది. మూలలన్నీ నడవండి, ప్రతి మూల దగ్గర ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఫొటో తీయండి, పక్కన ఏ చెట్టుందో ఏ బోదె ఉందో ఫొటోలో పడేట్టు. ఈ ఫొటో కోర్టులో పెద్దగా నిలబడకపోవచ్చు గానీ మూడేళ్ళ తర్వాత గట్టు జరిగిందా లేదా అని మీకే అనుమానం వచ్చినప్పుడు పనికొస్తుంది.

తేడా ఉందనిపిస్తే గట్టు పక్క రైతుతో గొంతు పెంచకుండా సర్వేకి అర్జీ పెట్టి ఫీజు కట్టండి, సర్వేయర్ వచ్చేముందు చుట్టుపక్కల రైతులకి నోటీసు ఇస్తారు, ఆ రోజు మీరు తప్పనిసరిగా ఉండాలి, బావమరిదిని పంపిస్తా అంటే కుదరదు. మా మామగారి ఊళ్ళో గెట్టు పంచాయితీ అంటారు దీన్ని, సగం పంచాయితీలు సర్వే రాయి పడకముందే టీ తాగుతూ తేలిపోతాయి, మనిషి ఎదురుగా ఉన్నాడు కాబట్టి.

ఆంధ్రా వాళ్ళకి ఇంకో పని ఉంది. 2020 డిసెంబర్ 21న మొదలైన భూముల రీసర్వే పూర్తైన ఊళ్ళల్లో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. మీ ఊరు అందులో ఉంటే కొత్త నంబర్ కింద విస్తీర్ణం ఎంత పడిందో చూడండి, తగ్గిందేమో, మీదీ పక్కోడిదీ కలిపి జాయింట్ ఎల్‌పీఎం చేసేశారేమో. జాయింట్‌లో ఉంటే మీ ముక్క ఒక్కటే అమ్మడం, లోన్ తీసుకోవడం తలనొప్పి అవుతుంది, విడగొట్టమని అర్జీ పెట్టాలి. సిటీలో ఉన్నోళ్ళకే ఇది ఎక్కువగా జరిగింది ఎందుకంటే కొలిచిన రోజు పొలంలో ఊళ్ళో ఉన్న రైతు నిలబడ్డాడు, మనం మీటింగ్‌లో ఉన్నాం.

కౌలు, అసలు కథంతా ఇక్కడే

సొంతంగా ఫోన్ మీద సేద్యం చేయిద్దాం అనే ఆలోచన ఉంటే ముందు అది మానుకోండి, కూలీల కోసం ఫోన్ చేసేది మీరు, పురుగు మందు బిల్లు చెప్పేది వేరేవాళ్ళు, రెండు సీజన్లలో దణ్ణం పెట్టేస్తారు. మామిడో పామాయిలో వేసి మనిషిని పెట్టుకుంటే వేరే లెక్క. మిగతావాళ్ళకి కౌలే దారి.

చాలామంది ఓనర్లకి ఒక భయం, కౌలు కాగితం రాస్తే కౌలుదారుకి హక్కు వచ్చేస్తుందేమోనని. అందుకే నోటిమాట మీద ఇస్తారు, ప్రతి ఏడాదీ మనిషిని మారుస్తారు. నా ఉద్దేశంలో ఇది పూర్తిగా తిరగేసిన లెక్క. పన్నెండేళ్ళు అనుభవంలో ఉంటే భూమి వాడిదే అని అందరూ అంటుంటారే, ఆ రూల్ ఓనర్ హక్కునే కాదని బహిరంగంగా అనుభవిస్తున్నవాడికి, ఓనర్ అనుమతితో కౌలు కట్టి చేసుకుంటున్నవాడికి కాదు. మీ అనుమతితోనే ఆయన చేనులో ఉన్నాడని చెప్పే సాక్ష్యం ఏంటి మరి, ఆ కౌలు కాగితమే, కౌలు డబ్బు బ్యాంకులో పడ్డ ఎంట్రీయే. రాయకపోవడమే రిస్కు. 11 నెలలకి రాసుకోండి, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయాల్సి వస్తుంది. అందులో సర్వే నంబర్, విస్తీర్ణం, కౌలు ఎంత, ఎప్పుడిస్తారు, ఏ పంట, బోరు రిపేరు ఎవరిది, చెట్లు ఎవరివి ఇవి రాస్తే చాలు, రెండు పేజీలు దాటక్కర్లేదు.

ఆంధ్రాలో 2019 చట్టం ప్రకారం సాగుదారు హక్కుల కార్డు ఉంది, సీసీఆర్సీ అంటారు, అదీ 11 నెలలకే. పంట మీద హక్కు తప్ప భూమి మీద ఏ హక్కూ రాదని ఆ చట్టంలోనే ఉంది. కౌలుదారుకి పంట రుణం, బీమా, నష్టపరిహారం, ధాన్యం అమ్ముకోవడం వీటన్నిటికీ ఆ కార్డు కావాలి, దానికి మీ సంతకం కావాలి. పెట్టేయండి. మీ సంతకం లేక ఆయన నూటికి నెలకి మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చుకుంటే చివరికి ఆ వడ్డీ మీ కౌలులోంచే తగ్గుతుంది, ఇందులో దానధర్మం ఏమీ లేదు.

కౌలు బస్తాల్లో మాట్లాడుకుంటే బస్తా అంటే ఎన్ని కేజీలో, ఏ రేటుకి కట్టాలో ముందే తేల్చుకోండి. మా వైపు బస్తా 75 కేజీలు. 2025-26కి మామూలు రకం వడ్ల మద్దతు ధర క్వింటాకి 2,369, అంటే బస్తాకి 1,777 దాకా వస్తుంది, కానీ తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు, ఆరబెట్టే జాగా లేని కౌలు రైతు కళ్ళంలోనే తక్కువకి ఇచ్చేస్తాడు. అప్పుడు మీరు హైదరాబాద్‌లో కూర్చుని మద్దతు ధర లెక్కన పంపించు అంటే ఆయన నష్టం మీద మీరు లాభం తీసుకున్నట్టు. ఆ రోజు ఊళ్ళో ఏ రేటు నడుస్తుందో అదే అని మాట్లాడుకుంటే గొడవుండదు.

తుఫాను ఏడాది ఏం చేయాలో కూడా మంచిగా ఉన్నప్పుడే మాట్లాడుకోవాలి. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది, కోసి పనల మీదున్న వరి నీళ్ళలో తేలింది, మొలకలొచ్చింది. మళ్ళీ 2025 అక్టోబర్ చివర మొంథా. ఇలాంటి ఏడాది కౌలు మొత్తం అడిగేవాళ్ళకి తర్వాతి ఏడు ఊళ్ళో మంచి రైతు దొరకడు, సగమో మూడోవంతో తగ్గించండి, ఎంత తగ్గిస్తారో ముందే చెప్పేయండి. పంట నష్టం డబ్బు ఈ-పంటలో, అంటే ఆంధ్రా గవర్నమెంట్ పంట నమోదులో, ఎవరి పేరుంటే వాళ్ళ అకౌంట్‌లో పడుతుంది, అందుకే సీజన్ మొదట్లోనే కౌలుదారు పేరే ఎక్కించమని రైతు సేవా కేంద్రంలో చెప్పించండి. పొరపాటున మీ అకౌంట్‌లో పడితే ఆయనకి పంపించేయండి, ఆ డబ్బు పోయిన పంటది.

మనిషిని ఊరికే మార్చొద్దు అని ఇంకోసారి చెప్తా. పక్కూరోడు ఎకరానికి రెండు బస్తాలు ఎక్కువిస్తానన్నాడని పదేళ్ళుగా చేస్తున్న ఆయన్ని తీసేస్తే మొదటి ఏడు రెండు బస్తాలు వస్తాయి. కానీ వచ్చే ఏడు తన చేతిలో ఉంటుందో లేదో తెలియనివాడు పశువుల ఎరువు తోలడు, చెరువు మట్టి తోలడు, నాట్లకి ముందు పచ్చిరొట్ట ఎరువుగా జీలుగో జనుమో చల్లి కలియదున్నడు, యూరియా కొట్టి ఉన్న సారం పీల్చుకుని పోతాడు. నాలుగేళ్ళకి మీ చేను చూస్తే తెలిసిపోతుంది, ఆ తర్వాత రెండు బస్తాలు తక్కువకి కూడా ఎవరూ రారు.

ఓటీపీలు, గవర్నమెంట్ డబ్బులు

పొలం ఊళ్ళో ఉన్నా దాని ఫోన్ నంబర్ సిటీలో ఉంటుంది, అంటే మీ జేబులో. తెలంగాణలో పట్టాదారు పేరు మీద వడ్లు అమ్మేటప్పుడు ఆధార్‌కి లింక్ అయిన ఫోన్‌కి ఓటీపీ రావచ్చు, కౌలు రైతు ఐకేపీ సెంటర్లో (మహిళా సంఘాల వడ్ల కొనుగోలు కేంద్రం) కాంటా దగ్గర నిలబడి మీకు ఫోన్ చేస్తుంటే మీరు సైలెంట్‌లో పెట్టి సినిమాలో ఉంటే ఆ రోజు ఆయన లారీ వెళ్ళిపోతుంది. పత్తి అయితే సీసీఐకి (కేంద్ర ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ) అమ్మాలంటే 2025 నుంచి కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుకింగ్, అక్కడా రిజిస్ట్రేషన్ ఎవరి పేరుతో, డబ్బు ఎవరి అకౌంట్‌కి అన్నది ముందే చూస్కోవాలి. ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) పంట నమోదుకి వచ్చినప్పుడే కౌలుదారు పేరు రాయిస్తే సగం బాధ తప్పుతుంది. సన్న వడ్లకి గవర్నమెంట్ ఇచ్చే 500 బోనస్ లాంటివి మీ అకౌంట్‌లో పడితే అవి వడ్లు పండించినాయనవే, అదే రోజు ఫోన్‌పే కొట్టేయండి, అడిగించుకోవద్దు.

రైతు భరోసా తెలంగాణలో ఎకరాకి ఏడాదికి 12,000, పట్టాదారుకే వస్తుంది, కౌలుదారుకి రాదు. ఇది న్యాయమా కాదా అని రాత్రంతా వాదించుకోవచ్చు, నా మటుకు నేను అందులో సగం కౌలులో తగ్గించాలంటాను, మా మామగారు ఒప్పుకోరు.

పీఎం కిసాన్ దగ్గర మాత్రం సిటీ ఉద్యోగస్తులు జాగ్రత్త. ఏడాదికి 6,000 మూడు విడతల్లో వస్తుంది, కానీ కిందటి అసెస్‌మెంట్ ఇయర్‌లో ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టినవాళ్ళకి, గవర్నమెంట్ ఉద్యోగులకి (నాలుగో తరగతి వాళ్ళు తప్ప) అర్హత లేదు. నాన్న పేరు మీద వస్తున్నది మీ పేరుకి మారాక కూడా అలాగే తీసుకుంటుంటే తర్వాత వెనక్కి కట్టమంటారు, కట్టినవాళ్ళున్నారు. ఇక పొలం మీద వచ్చే కౌలు వ్యవసాయ ఆదాయమే, ట్యాక్స్ లేదు, కానీ ఏడాదికి 5,000 దాటితే రిటర్న్‌లో చూపించాలి, మీ జీతం మీద పడే రేటు లెక్క కట్టేటప్పుడు దాన్ని కలుపుతారు.

ఊళ్ళో మనిషి, ఊళ్ళో మొహం

పెళ్ళికి వెళ్ళకపోయినా పర్లేదు, చావుకి వెళ్ళండి. కుదరకపోతే దినానికైనా వెళ్ళండి. మన పొలం గట్టు పక్క రైతు వాళ్ళ అమ్మ పోతే రాత్రి బస్సెక్కి వెళ్ళి పొద్దున్న అరగంట కూర్చుని వచ్చేయండి, దానికున్న విలువ మీరు వేయించిన ఫెన్సింగ్‌కి లేదు. శ్రీరామనవమి పందిరికి చందా అడిగితే ఎంతో కొంత ఇవ్వండి, సిటీ వాడు కదా అని ఎక్కువ రాస్తారు, నవ్వుతూ కాస్త తగ్గించి ఇవ్వండి, ఇవ్వకుండా మాత్రం ఉండొద్దు. కౌలుదారుకి ఫోన్ చేసేది కౌలు టైమ్‌లోనే అయితే ఆయనకి మీ నంబర్ అప్పులోడి నంబర్ లాగే కనపడుతుంది. ఏరువాకప్పుడు ఒకసారి, కలుపులప్పుడు ఒకసారి, "బాబాయ్, వానలు ఎలా ఉన్నాయి, కాలవకి నీళ్ళు వదిలారా" అని అడిగి పెట్టేయండి.

ఊళ్ళో కళ్ళుగా ఒక్కడినే నమ్ముకోవద్దు, ఒకరు చుట్టం అయితే ఇంకొకరు చుట్టం కాని వాళ్ళు ఉండాలి, కిరాణా కొట్టాయనో ఎరువుల షాపాయనో అయితే ఇంకా మంచిది, ఎవరు ఎవరి పొలం అడుగుతున్నారో, ఎక్కడ వెంచర్ పడుతోందో వాళ్ళకి ముందు తెలుస్తుంది. పాసుపుస్తకం ఒరిజినల్ మాత్రం ఎవరి దగ్గరా పెట్టొద్దు, తమ్ముడైనా సరే.

విదేశాల్లో ఉన్నోళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి, ఎన్నారైలు వ్యవసాయ భూమి కొనడానికి లేదు, కానీ వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు. ఊళ్ళో పనులకి జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చేయకండి, ఏ పని కావాలో ఆ పనికే స్పెషల్ పవర్ ఇవ్వండి, సర్వేకి అర్జీ పెట్టడం, మ్యుటేషన్‌కి హాజరవడం, అంతవరకే, అమ్మే అధికారం అందులో లేకుండా. అక్కడి ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపిస్తే, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంప్ చేయించాలి.

ఊరే సిటీ దగ్గరికి వస్తే

ఇంక కొంతమందికి అసలు ప్రాబ్లమ్ వేరు, వాళ్ళు ఊరికి పోనక్కర్లేదు, సిటీయే పొలం దాకా వచ్చేసింది. రింగ్ రోడ్డు పక్క, కొత్త మున్సిపాలిటీ పక్క ఉన్న పొలాలు. రియల్ ఎస్టేట్ వాళ్ళు డెవలప్‌మెంట్‌కి ఇవ్వమంటారు, గుంటల లెక్కన ముక్కలు చేసి ఫాంప్లాట్లు అమ్ముదామంటారు. లేఅవుట్ అప్రూవల్ (తెలంగాణలో అయితే ల్యాండ్ కన్వర్షన్ కూడా) లేకుండా మీ సంతకంతో ప్లాట్లు అమ్ముడుపోతే రేపు కొన్నవాళ్ళు వచ్చేది మీ ఇంటికే, కంపెనీ బోర్డు అప్పటికి ఉండదు.

అమ్ముదామని డిసైడ్ అయితే ట్యాక్స్ లెక్క ముందు చూడండి. ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళ దృష్టిలో పల్లె ఎక్కడ అయిపోతుందో కిలోమీటర్లలో రాసుంది. మున్సిపాలిటీ హద్దు లోపల ఉన్నా, జనాభా 10 వేల నుంచి లక్ష ఉన్న మున్సిపాలిటీ నుంచి 2 కిలోమీటర్ల లోపు ఉన్నా, లక్ష నుంచి 10 లక్షలైతే 6 కిలోమీటర్ల లోపు, 10 లక్షలు దాటితే 8 కిలోమీటర్ల లోపు ఉన్నా అది పట్టణ భూమి, అమ్మితే క్యాపిటల్ గెయిన్స్, అంటే అమ్మిన లాభం మీద పన్ను, పడుతుంది. ఆ దూరం బయట ఉంటే గ్రామీణ వ్యవసాయ భూమి, దాని మీద క్యాపిటల్ గెయిన్స్ లేదు. దూరం రోడ్డు మీద కాదు, మ్యాప్ మీద సూటిగా కొలుస్తారు, జనాభా చివరిగా అచ్చయిన జనాభా లెక్కల ప్రకారం. పక్క ఊరు మున్సిపాలిటీలో కలిసిందంటే హద్దు జరిగినట్టే, నిరుడు పల్లెగా ఉన్న మీ చేను ఈ ఏడు పట్టణం అయిపోయుండొచ్చు. అగ్రిమెంట్ రాసుకునే ముందే తహసీల్దార్ ఆఫీసులో దూరం సర్టిఫికెట్‌కి అర్జీ పెట్టండి, అడంగల్‌లో పంట నమోదైన కాపీలు రెండు మూడేళ్ళవి దానికి జత చేసి ఉంచండి. మీ కౌలుదారు ఈ-పంటలో సరిగ్గా నమోదు చేయించుకుని ఉంటే ఆ కాపీలు అడగగానే దొరుకుతాయి. కొనేవాడికి చెప్పేముందు ఆయనకి చెప్పండి, చేనులో పైరుంటే కోత అయ్యేదాకా ఆగే తేదీ అగ్రిమెంట్‌లో రాయించండి.